లాండ్రీ ఇంటి పాలకూర

మా అత్తయ్య ముక్కు గురించి ముందు చెప్పకపోతే ఈ పాలకూర గొడవ మీకు అర్థం కాదు.

మాది లాండ్రీ. కింద కొట్టు, పైన ఇల్లు. మధ్యలో ఇరుకు మెట్లు, ఎదురుగా ఎవరైనా వస్తే ఒకరు గోడకి అతుక్కుపోవాల్సిందే. కింద రెండు ఉతికే మిషన్లు, నీళ్లు పిండే చిన్న డ్రమ్ము మిషను ఒకటి, ఇస్త్రీ బల్లలు రెండు, కప్పుకి వేలాడే హ్యాంగర్ల కడ్డీలు. ఉతకడం, ఇస్త్రీ చెయ్యడం మా ఆయన పని. మడతలు, ఊడిన గుండీలు, వచ్చినవాళ్లతో మాటలు నా పని. మా అత్తయ్య పని వాసన చూడటం.

నవ్వకండి. అది నిజంగానే పని. ఆరిన బట్ట ఏదైనా సరే, ఇస్త్రీ బల్ల ఎక్కేముందు ఆవిడ చేతికి వెళ్లాలి. కాలరు దగ్గర ఒకసారి, చంక దగ్గర ఒకసారి ముక్కుకి ఆనించి "ఊఁ" అంటే పాసైనట్టు. "ఇంకోసారి నీళ్లలో వెయ్" అంటే ఫెయిలైనట్టు. దాని మీద అప్పీలు లేదు. సబ్బు పూర్తిగా వదిలిందా, బట్ట నీడలో ఆరిందా ఎండలో ఆరిందా, తడి ఆరకముందే తొందరపడి మడత పెట్టామా, అన్నీ ఆ ముక్కుకి తెలిసిపోయేవి. ఇస్త్రీ పెట్టె కాస్త ఎక్కువ వేడెక్కితే, బట్ట మాడకముందే "పెట్టె తియ్యరా!" అని కేకేసేది. వీధిలో అందరూ ఆవిడని "ముక్కుగారు" అనేవాళ్లు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆవిడ కూడా దాన్ని బిరుదులాగే పుచ్చుకునేది.

ఇంట్లో మాత్రం ఆ బిరుదుతో నాకు పడేది కాదు. పైన నేను పొయ్యి మీద కూర పడేసి ఫోన్లో మా అక్కతో కబుర్లలో ఉంటే, కింద కొట్టులోంచి "అమ్మాయ్, అడుగంటుతోంది చూడు!" అని గొంతు వినపడేది. అదీ కొట్టులో నలుగురు నిలబడి ఉండగా. నాకు అసలే కోపం ముక్కు మీద ఉంటుంది. గరిట గిన్నెకేసి కొట్టేదాన్ని, ఆ చప్పుడు కిందికి వినపడాలనే. ఆవిడ నవ్వేది. మా ఆయన బయట ఏం తిని వచ్చినా గుమ్మంలోనే దొరికిపోయేవారు కాబట్టి, ఆ విషయంలో మాత్రం నేను ఆవిడ పార్టీ.

చలి మొదలైన రోజుల్లో అత్తయ్యకి గట్టి జలుబు, జ్వరం వచ్చాయి. జ్వరం తగ్గింది, జలుబు తగ్గింది, ముక్కు మాత్రం తిరిగి రాలేదు. మొదట ఎవరికీ తెలియలేదు. కాఫీ గ్లాసు చేతికిస్తే ఒక గుక్క తాగి, "పొడి వెయ్యడం మరిచిపోయావా ఏమిటే?" అంది. నేను యథాప్రకారం మండిపడ్డాను. వంటకి వంక పెట్టడానికి జ్వరం నుంచి లేచేదాకా కూడా ఆగలేరా అన్నాను. ఆవిడ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్లీ పెట్టుకుంది. తర్వాత కాఫీ పొడి డబ్బా తెమ్మంది. మూత తీసి, దాంట్లో మొహం పెట్టినంత పనిచేసి, మెల్లగా మూత పెట్టేసి నాకిచ్చింది. నా కోపం ఎటు పోయిందో తెలియలేదు.

ముక్కు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ లైటు వేసి లోపలంతా చూసి, ఇలాంటి జ్వరాల తర్వాత వాసన పట్టే నరం దెబ్బతినడం మామూలేనని చెప్పింది.

"తిరిగి వస్తుందా?" అని మా ఆయన అడిగారు.

"రావచ్చు. రాకపోవచ్చు. వస్తే ఒకేసారి రాదు, కొంచెం కొంచెంగా వస్తుంది. ఏది ముందు వస్తుందో చెప్పలేం" అంది. అత్తయ్య వైపు తిరిగి, "మీ నాలుక బాగానే ఉందండీ. ఉప్పు, పులుపు, తీపి, చేదు, కారం తెలుస్తాయి. మనం రుచి అనుకునేదాంట్లో మిగతాదంతా ముక్కు చూసే రుచే. అదే లేదు మీకిప్పుడు" అని వివరంగా చెప్పింది.

"అంటే నేను ఇన్నాళ్లూ తిన్నదంతా ముక్కుతోనేనా?" అంది అత్తయ్య. ఆ రోజుల్లో ఆవిడ వేసిన ఆఖరి జోకు అదే.

ఎందుకంటే ఆ తర్వాత లాయరుగారి చొక్కా సంగతి జరిగింది. తెల్ల సిల్కు చొక్కా, కూతురి పెళ్లికి కుట్టించుకున్నది. మా ఆయన దాని మీద పెట్టె ఆనించి, ఎవరో పిలిస్తే బయటికి వెళ్లి మాటల్లో పడ్డారు. అత్తయ్య పక్కనే కూర్చుని సాక్సులు జత కలుపుతోంది. చెయ్యి చాస్తే అందే దూరం. మాడు వాసన మెట్లెక్కి పైనున్న నా దాకా వచ్చింది కానీ పక్కనున్న ఆవిడకి చేరలేదు. నేను పరుగెత్తుకొచ్చేసరికి చొక్కా వీపు మీద పెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ, దాంట్లోంచి సన్నగా పొగ. ఆ పొగ కంటికి కనపడ్డాకే ఆవిడ లేచి నిలబడింది.

లాయరుగారు మంచివారు, పెద్దగా ఏమీ అనలేదు. మా ఆయన తప్పు తనదే అని పదేపదే చెప్పుకున్నారు, నిజంగా ఆయనదే కూడా. కానీ అత్తయ్య జత కలపని సాక్సులు అక్కడే వదిలేసి మెట్లెక్కి పైకి వచ్చేసింది. మళ్లీ కిందికి దిగలేదు.

"రండత్తయ్యా, ఊరికే కూర్చోండి, మాటసాయం" అని బతిమాలాను.

"బట్ట నా పక్కనే కాలుతుంటే తెలియనిదాన్ని. నన్నక్కడ కూర్చోబెట్టడం ఎందుకు, అలంకారానికా?"

"మీ మాట వినడానికే సగంమంది వస్తారు."

"అయితే రేడియో పెట్టుకోండి" అని అటు తిరిగి పడుకుంది.

తిండి కూడా మానేసినంత పనిచేసింది. ఏది పెట్టినా నాలుగు ముద్దలు, అంతే. "అన్నీ ఒకటే. మెత్తటి మట్టి" అనేది. ఆవిడ బట్టలకి పక్క కుట్లు లోపలికి వేసి బిగించాను. కొన్నాళ్లకి మళ్లీ వదులైపోయాయి. సూదిలో దారం ఎక్కిస్తూ ఆ గుడ్డని చేత్తో పట్టుకున్నప్పుడు నాకు నిజంగా భయం వేసింది. ముక్కు వస్తే వచ్చింది, రాకపోతే పోయింది. ఈవిడ తినాలి, లేచి కిందికి దిగాలి. నాకు కావలసినవి ఆ రెండే.

మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వెళితే రక్తం తక్కువగా ఉందంది. మందులు రాసింది, ఆకుకూరలు బాగా పెట్టమంది. ఇంకో మాట కూడా చెప్పింది. "వాసన లేనివాళ్లకి మెత్తగా ఉడికించినవి అస్సలు సహించవు. నోటికి పని ఉండాలి. కరకరలాడాలి, చల్లగా ఉండాలి, పుల్లగా ఉండాలి. అలాంటివి పెట్టి చూడండి."

పాలకూర ఉడికించి పెడితే ఏమవుతుందో అప్పటికే చూశాను. ఆవిడ చెంచాతో కెలికి, "ఇది బట్టలు నానబెట్టిన తొట్టి అడుగున ఉంటుంది చూడు, అది" అని పక్కకి తోసేసింది. ఆ మాట మాకు కూరలమ్మే ఆవిడ దగ్గర చెప్పుకుని ఏడిస్తే, ఆవిడ నన్ను విచిత్రంగా చూసింది. "ఉడికించడం ఎందుకమ్మా, లేత ఆకు తీసుకెళ్లి పచ్చిదే సలాడ్ చేసి పెట్టు" అంది. బుట్టలోంచి అరచేయంత కూడా లేని ఆకుల కట్ట ఏరి ఇచ్చింది. ఒక ఆకు తుంపి నోట్లో పెట్టింది కూడా. పుటుక్కుమంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

సలాడ్ అంటే నాకు చిన్నచూపే. పొయ్యి వెలిగించని వంట కూడా వంటేనా, తరిగి పడేస్తే అయిపోతుంది, అనుకున్నాను. ఆకులు గిన్నెలో కడిగి, తరిగి, ఉప్పు, నిమ్మరసం, కాస్త నూనె, మిరియాల పొడి వేసి కలిపి, బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్లాను. తిరిగి వచ్చి చూద్దును కదా, గిన్నె నిండా పొంగిపొర్లిన ఆకు అడుగుకి దిగిపోయి, పచ్చటి నీళ్లలో ఈదుతోంది. అయినా మొండిగా వడ్డించాను.

అత్తయ్య ఒక ఆకు నమిలింది. "పిండకుండా దండెం మీద పడేసిన దుప్పటి" అంది.

అంటే నీళ్లు ఎక్కువయ్యాయన్నమాట. మర్నాడు ఆకుని కడిగి, గుప్పిట్లో పెట్టి గట్టిగా పిండాను. బట్టలు పిండే చేతులు మావి, ఊరికే ఉంటాయా. ఆకు చుట్టుకుపోయి నల్లబడిపోయింది. దాన్ని విదిలించి, నిమ్మకాయ పిండి, పైన ఉల్లిపాయ ముక్కలు చల్లి తెచ్చాను.

"ఈరోజు కరకరలాడుతోంది" అంది అత్తయ్య. నేను పొంగిపోయాను. "ఇసుక" అంది.

మా ఆయన నవ్వు ఆపుకోలేక నీళ్ల గ్లాసు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నేను గిన్నె తీసుకెళ్లి సింకులో బోర్లించి, ఈ ఇంట్లో ఇక మీదట ఎవరికి కావలసింది వాళ్లే చేసుకోండి, నాకేం పట్టింది అని అరిచాను. అరిచి, గోడకి ఆనుకుని నిలబడ్డాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడకి నచ్చలేదని కాదు. ఆవిడ ఇవాళ కూడా తినలేదని.

వెనక అడుగుల చప్పుడు వినిపించింది. అత్తయ్య వంటింట్లోకి వచ్చింది. ఎన్నాళ్లయిందో ఆవిడ ఆ గడప దాటి.

"జరుగు" అంది.

జరిగాను.

"ఇన్నేళ్లు లాండ్రీలో ఉన్నావు. ఏం నేర్చుకున్నావే?" అంటూ మిగిలిన ఆకు ముందర వేసుకుంది. కాడలు తుంపి పక్కన పెట్టింది. పెద్ద బేసిన్ నిండా చల్లటి నీళ్లు పట్టించి, ఆకు దాంట్లో వదిలి, చేత్తో మెల్లగా కలిపి ఊరుకుంది. "నువ్వేం చేశావు? ఆకు గిన్నెలో ఉంచి నీళ్లు వంపేశావు. అడుగున ఉన్న ఇసుకంతా మళ్లీ ఆకు మీదికి వచ్చి కూర్చుంది. ఎప్పుడూ బట్టనే పైకి తియ్యాలి, నీళ్లు తర్వాత పారబొయ్యాలి." రెండు చేతులతో ఆకుని పైకెత్తి ఇంకో గిన్నెలోకి మార్చింది. బేసిన్ అడుగున చూస్తే నిజంగానే ఇసుక. నీళ్లు తేటగా నిలిచేదాకా అలాగే మార్చి మార్చి కడిగింది. చివరి నీళ్లలో ఐసు ముక్కలు వేయించింది.

"ఇక పిండటం. సిల్కు బట్టని పిండుతామా?"

"పిండం. తువ్వాల్లో పరిచి చుడతాం."

"మరి?"

ఉతికి ఆరేసిన తెల్ల తువ్వాలు తెచ్చి పరిచాను. ఆకు దాని మీద పలచగా సర్ది, చాపలా చుట్టి, చేత్తో అక్కడక్కడా అద్ది విప్పింది. ఆకు ఒక్కోటీ గంజి పెట్టినట్టు నిలబడింది. కీరాకాయలో గింజలు తీసేసి ముక్కలు కోయించింది, గింజల్లోనే నీళ్లుంటాయట. వేరుశనగపప్పు వేయించి కచ్చాపచ్చాగా దంచమంది. నిమ్మరసం, నూనె, ఉప్పు, మిరియాల పొడి వేరే గిన్నెలో కలిపించి, "ఇది నోట్లో పెట్టుకునేముందే పొయ్యాలి. ఉప్పు తగిలితే ఆకు నీరు వదిలేస్తుంది" అంది.

"ఇవన్నీ మీకెలా తెలుసు? మీరెప్పుడూ సలాడ్ చెయ్యలేదుగా?"

"సలాడ్ తెలియదు. తడి తెలుసు" అంది.

ఆ రోజు గిన్నె ఖాళీ చేసింది. ఆవిడ నములుతుంటే ఆ చప్పుడు నాకూ మా ఆయనకీ వినపడింది. ఇద్దరం మా తిండి మానేసి అదే వింటూ కూర్చున్నాం. "పరవాలేదు" అంది చివర్లో. మా అత్తయ్య నోట్లోంచి పరవాలేదు అని వచ్చిందంటే మిగతావాళ్లు చప్పట్లు కొట్టినట్టు. సలాడ్ తిన్నాక, ఆ ఊపులో అన్నం కూడా కాస్త తింది.

అప్పటినుంచి మధ్యాహ్నం పూట అదే మా పద్ధతి అయిపోయింది. ఒకరోజు నారింజ తొనలు, ఒకరోజు పుల్లటి ఆపిల్ ముక్కలు, ఒకరోజు ఉడికించిన గుడ్డు. కూరలావిడ మా కోసం లేత ఆకు విడిగా తీసిపెట్టేది. పక్క కుట్లు విప్పాల్సినంత ఒళ్లు రాకపోయినా, బిగించిన బట్టలు మళ్లీ వదులు కాలేదు. మందుల వల్లో ఆకు వల్లో మొహంలోకి కాస్త రంగు వచ్చింది. సగం గెలిచాను. మిగతా సగమే కదల్లేదు. వంటింటి దాకా వచ్చేది కానీ మెట్ల వైపు చూసేది కాదు. కింద మిషను తిరుగుతున్న చప్పుడు వింటే చాలు, తలుపు దగ్గరగా వేసుకునేది. నేను నెమ్మదిగా ఆ మాట ఎత్తితే, "నా పని ఏదో అది నా దగ్గర లేదమ్మాయ్. ఉత్త మనిషిని వచ్చి ఏం చెయ్యను?" అంది.

ఇక అసలు సంగతి.

ఆ రోజు ముసురు పట్టింది. మా తువ్వాళ్లన్నీ తడి. ఒక్కటి కూడా ఆరినది లేదు. లాండ్రీ నడిపేవాళ్ల ఇంట్లో తువ్వాలు కరువంటే ఎవరూ నమ్మరు, కానీ కొట్టులో ఉన్నవన్నీ జనానివి, వాటితో ఆకు తుడుస్తామా. సరే, ఒక పలచటి గుడ్డలో ఆకు మూటకట్టి, వెనక వరండాలోకి వెళ్లి చెయ్యి గిరగిరా తిప్పాను. నీళ్లు చిమ్ముతాయి, ఆకు ఆరుతుంది, ఇది నా తెలివి. ఆ వరండాలోనే మా ఆయన ఇస్త్రీ చేసిన చొక్కాలు వరసగా తగిలించి ఉంచారని నాకు గుర్తుంటేగా. చొక్కాల మీద చుక్కలు చుక్కలుగా నీళ్లు పడ్డాయి.

ఆయన పైకి వచ్చి చూసి నెత్తి పట్టుకున్నారు. "పొద్దుటినుంచి చేసిన పనే ఇది! ఆకు ఆరబెట్టడానికి నీకు చొక్కాలే దొరికాయా?"

"మీ చొక్కాలు తగిలించడానికి నా వరండాయే దొరికిందా?"

అలా కాసేపు నడిచింది. చివరికి ఆయన, "ఇలా తే. నీళ్లు పిండే మిషను కింద పెట్టుకుని చేతులు తిప్పడమేమిటి" అని మూట లాక్కుని దిగిపోయారు. నేను నిమ్మకాయ కోసి, వేరుశనగపప్పు దంచి, మిగతావి సిద్ధం చేసేసరికి ఆయన నవ్వుకుంటూ తిరిగి వచ్చారు. ఆకు పొడిపొడిగా, ఒక్క చుక్క తడి లేకుండా, అంత అందంగా ఎప్పుడూ ఆరలేదు. చొక్కాల గొడవ మరిచిపోయి మెచ్చుకున్నాను కూడా. నిమ్మరసం పోసి కలిపి, ముందు అత్తయ్యకి వడ్డించాను.

ఆవిడ రెండు ఆకులు కలిపి నోట్లో పెట్టుకుంది. నమిలింది. నమలడం ఆపింది. మొహం చిట్లించి, అరచేతిలోకి ఉమ్మేసింది.

"ఛీ! ఏమిటే ఇది, గబ్బు గులాబీ కంపు! ఆకులో సెంటు పోశావా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వానలో కూరలావిడ దగ్గరికి వెళ్లి తెచ్చిన ఆకు. చొక్కాలు తడిపి, మొగుడితో మాటలు పడి ఆరబెట్టిన ఆకు. ఇన్నాళ్లుగా రోజూ కొత్తగా ఏం వెయ్యాలా అని బుర్ర బద్దలు కొట్టుకుంటుంటే, అరచేతిలో ఉమ్మి చూపిస్తుందా?

"సెంటు ఎందుకు పోస్తానండీ? చేసినదానికి వంక పెట్టకపోతే మీకు ముద్ద దిగదా? అయినా వాసనే తెలియని మనిషికి గులాబీ ఏమిటి, కంపు ఏమి..."

అక్కడ ఆగిపోయాను.

మా ఆయన చేతిలో చెంచా గాల్లోనే ఉండిపోయింది. అత్తయ్య నన్ను చూస్తోంది. నేను అన్న మాటకి బాధపడి కాదు. నేను అన్నది మెల్లగా ఆవిడ చెవికెక్కుతోంది. అప్పుడు అరచేయి మెల్లగా పైకెత్తి, ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్లు మూసుకుంది.

నేను గిన్నెలోంచి ఒక ఆకు తీసి నోట్లో పెట్టుకున్నాను. మొదట నిమ్మపులుపు. దాని వెనకే, బట్టలకి చివరి నీళ్లలో పోసే వాసన మందు. గులాబీ రకం. సందేహం లేదు. మా ఇంట్లో గోడలకి, దిండ్లకి, మా జుట్టుకి కూడా పట్టేసిన వాసన అది. దాన్ని మేం గమనించడం మానేసి ఏళ్లయింది. ఆకు కలుపుతున్నంతసేపూ నా ముక్కు కిందే ఉన్నా నాకు తెలియలేదు.

"మిషన్లో ఆకు దేంట్లో వేసి తిప్పారు?" అని అడిగాను.

"వల సంచిలో. మెత్తటి బట్టలు వేసే వల సంచి ఉంది కదా, అది. గుడ్డ మూట తిరగదని..." మా ఆయన తడబడ్డారు. "కడిగిందే. అప్పుడే చివరి నీళ్లలోంచి తీశాను."

అత్తయ్య ఇవేవీ వినడం లేదు. చేయి కడుక్కుని, నోరు పుక్కిలించి వచ్చి, గిన్నెలోంచి ఇంకో ఆకు తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది. "ఉంది" అంది. మళ్లీ పీల్చింది. "పోయింది." ఇంకో ఆకు. "ఉంది. సన్నగా ఉంది. ఎక్కడో పక్కింట్లో ఉన్నట్టు ఉంది, కానీ ఉంది."

ఇక మా ఆయన్ని పట్టడం ఎవరి తరం? కాఫీ డబ్బా తెచ్చారు. ఆవిడ వాసన చూసి తల అడ్డంగా ఊపింది. సబ్బు తెచ్చారు. ఏమీ లేదు. ఉల్లిపాయ కోసి తెచ్చారు, అందరి కళ్లలో నీళ్లు తప్ప ఏమీ రాలేదు. నిమ్మతొక్క దగ్గర కాసేపు ఆగి, "ఏమో. ఉన్నట్టుంది. నాకే ఆశేమో" అంది. ఇక చాలు, తెచ్చి పెట్టకండి, మళ్లీ పడుకుండిపోతుంది అని మా ఆయన్ని చేత్తో వారించాను.

కానీ ఆవిడ పడుకోలేదు. ఆకుల గిన్నె దగ్గరికి లాక్కుని, మళ్లీ అదే వాసన చూస్తోంది. కనుబొమలు ముడిపడ్డాయి. ఆ ముడి నాకు బాగా తెలుసు. బట్ట ఫెయిలయ్యే ముందు వచ్చే ముడి.

"ఒరేయ్" అంది కొడుకుతో. "చివరి నీళ్లలో ఇది ఎంత పోస్తున్నావు?"

"ఎప్పట్లాగే అమ్మా."

"ఎప్పట్లాగే అయితే, చచ్చిపోయిన ముక్కుకి కూడా తగిలేంత ఎందుకుంటుంది? నిజం చెప్పు."

మా ఆయన నేల చూపులు చూశారు. నడివయసు మనిషి, బడిలో పట్టుబడ్డ పిల్లాడిలా నిలబడ్డారు. "నువ్వు చూడటం లేదు కదమ్మా. సబ్బు వదిలిందో లేదో నాకు తెలియడం లేదు. ఒకాయన చొక్కా దురద పెడుతోందని తిరిగి తెచ్చాడు కూడా. భయమేసి... కొంచెం ఎక్కువ పోస్తున్నాను. వాసన బాగుంటే ఎవరూ అడగరని."

ఇది నాకూ కొత్తే. అంత భయం మోస్తూ ఇన్నాళ్లూ కింద ఒక్కరే ఉన్నారని నాకు తెలియదు.

అత్తయ్య కొడుకుని పైనుంచి కిందిదాకా చూసింది. తర్వాత అందుకుంది.

"సబ్బు వదలకపోతే మళ్లీ నీళ్లలో వెయ్యాలి కానీ, సెంటు పోసి దాస్తావా? ఇదా నేను నీకు నేర్పింది? నాలుగిళ్లవాళ్లు ఈ బట్టలు ఒంటి మీద వేసుకుని తిరుగుతారు, పసిపిల్లల బట్టలు కూడా ఉంటాయి. సిగ్గుండాలి! రేపటినుంచి ఉతికినది ఏదీ నా కంటపడకుండా బల్ల ఎక్కడానికి వీల్లేదు. సబ్బు వాసన నాకింకా రాలేదు. వచ్చేదాకా ప్రతిదీ ఇంకోసారి నీళ్లలో వేద్దాం. వేళ్లతో తడిమి చూస్తాను, జారుడు ఉంటే తెలుస్తుంది. పొద్దున్నే లేపు."

"లేపుతానమ్మా" అన్నారు మా ఆయన. అన్ని తిట్లు తింటూ మొహమంతా నవ్వుతో నిలబడ్డ మనిషిని నేను అప్పుడే చూశాను.

నాకు ఏడుపు ఆగలేదు. కొంగుతో మొహం కప్పుకున్నా ఆగలేదు. ఆవిడ నన్ను చూసి విసుక్కుంది.

"నువ్వెందుకే ఏడుస్తావు? ఆ గులాబీ ఆకులు పారెయ్యకు, ఇక్కడే నా దగ్గర ఉండనీ. తినడానికి వేరే ఆకు కడుగు. తొందరగా కానీ, ఆకలేస్తోంది."